రెండుకాళ్ల రాకెట్

ఒకుదా ఆటసామాన్ల దుకాణంలోకి అడుగుపెట్టే ముందు చిజురు వీధికి ఆ చివరా ఈ చివరా చూసుకుంది. అరవై దాటిన మనిషి, బడి వంటశాలలో ఊరి పిల్లలందరికీ అన్నం వండి పెట్టి రిటైరైన మనిషి, ఒక టెన్నిస్ రాకెట్ కొనుక్కోవడానికి ఇలా నక్కి నక్కి వెళ్లాల్సిన ఖర్మేమిటి? కారణం లేకపోలేదు. ఆ ఊళ్లో జంటగా ఆడేవాళ్లు దుకాణానికీ జంటగానే వస్తారు. ఒకరు రాకెట్ పట్టుకుని ఊపుతుంటే ఇంకొకరు పక్కన నిలబడి వంకలు పెడతారు. ఒంటరిగా వచ్చి కొన్నారంటే జతమనిషికి తెలియకుండా ఏదో నడుపుతున్నారనే అర్థం. చిజురు సరిగ్గా ఆ పని మీదే వచ్చింది.

"ఏమ్మా, ఒక్కదానివే ఊడిపడ్డావు?" అన్నాడు ఒకుదా, తీగలు బిగించే యంత్రం మీంచి తలెత్తకుండానే. ముసలాయనకి చెవులు మందగించాయి గానీ కళ్లు కాదు. "నీ జతమనిషి, మీ సెంపాయ్ ఏది?"

"ఆవిడకి తోటలో పనుంది. రెండుకాళ్లది ఒకటి చూపించండి, ఒకుదా సాన్."

యంత్రం ఆగిపోయింది. ఒకుదా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎవరికి?"

"మా మేనకోడలికి."

"ఆ పిల్ల చెయ్యి ఎంతుంటుంది?"

చిజురు తన చెయ్యి ఓసారి చూసుకుంది. "ఇంచుమించు ఇంతే."

"వెనక నుంచి బాదీ బాదీ కుడి భుజం కాస్త కిందికి జారి ఉంటుందా మీ మేనకోడలికి?" అని ముసలాయన పడీ పడీ నవ్వాడు. చిజురు మొహం కందగడ్డ అయింది.

ఆ ఊరి ఆడవాళ్లు ఆడేది మెత్తటి తెల్ల రబ్బరు బంతితో ఆడే టెన్నిస్. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. టీవీలో చూపించే టెన్నిస్‌లాగా ఇందులో ఇద్దరూ అన్నీ చెయ్యరు. ఒకరు ముందుమనిషి, నెట్ దగ్గర నిలబడతారు. ఇంకొకరు వెనకమనిషి, చివరి గీత మీద అటూ ఇటూ పరిగెడతారు. ఎవరి పని వారిది, ఎవరి రాకెట్ వారిది. వెనకమనిషి రాకెట్‌కి పిడికీ చట్రానికీ మధ్య ఒకే కడ్డీ ఉంటుంది. అది కాస్త వంగి, బంతిని ఒక్క క్షణం ఒడిలో పెట్టుకుని దూరంగా విసురుతుంది. ముందుమనిషిదానికి రెండు కడ్డీలు. అది వంగదు, బంతి తగలగానే తిప్పికొడుతుంది. ఒంటికాలిది, రెండుకాళ్లది అంటారు ఆ ఊళ్లో. చేతిలో ఉన్న రాకెట్ చూస్తే చాలు, మనిషి ఎక్కడ నిలబడుతుందో చెప్పేయొచ్చు. ఒకసారి నిలబడ్డ చోటు నుంచి జన్మలో కదిలినవాళ్లు తక్కువ.

దుకాణం వెనక పెరట్లో గోడ ఉంది. ఒకుదా నాలుగు రాకెట్లు తెచ్చి పెట్టాడు. చిజురు ఒక్కొక్కటీ తీసుకుని గోడకి బంతి కొట్టి చూసింది. మొదటిది దూదిపింజలా ఉంది, చేతిలో ఉన్నట్టే లేదు. రెండోదీ అంతే. మూడోదాని తల కాస్త బరువు. దానితో కొడితే బంతి ధన్‌మని గోడకి తగిలి, తిరిగి ఆమె కాళ్ల దాకా వచ్చింది. ప్రాణానికి హాయిగా అనిపించింది.

"ఇదిచ్చేయండి."

"అది కొట్టే చేతికి బాగుంటుందమ్మా. ముందు నిలబడి..." అని ఏదో చెప్పబోయాడు ఒకుదా.

"చేతికి బాగుందండీ," అంది చిజురు. ఇంకాసేపుంటే ఎవరైనా లోపలికి వస్తారని ఆమె భయం. ఒకుదా భుజాలెగరేసి దాన్ని సంచిలో పెట్టి ఇచ్చాడు.

ఇంత గుట్టు ఎందుకో తెలియాలంటే రిత్సుకో గురించి తెలియాలి. బడిలో చిజురు కంటే రెండేళ్లు పెద్ద. బడిలో పెద్దవాళ్లను సెంపాయ్ అంటారు, ఆ పిలుపు బడితో పోదు. పెళ్లిళ్లయి, పిల్లలు పుట్టి, ఆ పిల్లలకి పిల్లలు పుట్టినా చిజురుకి రిత్సుకో సెంపాయే. బడి టెన్నిస్ జట్టులో చేరిన మొదటి వేసవంతా చిజురు చేత బంతులు ఏరించారు, రాకెట్ ముట్టనివ్వలేదు. అది అందరికీ మామూలే. ఆ తర్వాత ఒక రోజు రిత్సుకో వచ్చి, గడ్డంతో కోర్టు చివరి గీత చూపించి, "నువ్వు వెనక. నేను ముందు," అంది. అడగడం లేదు, ఆలోచించుకోమనడం లేదు. ఆ రోజు నుంచి వాళ్లు జంట. ఇల్లాళ్లయ్యాక ఊరి మహిళా సంఘంలో మళ్లీ కలిశారు, ఒక్క మాట కూడా అనుకోకుండానే పాత చోట్లలో నిలబడ్డారు.

చిజురుకి ఒక చిన్న ముల్లు ఉండేది. ఎవరికీ చెప్పలేదు, మొగుడికి కూడా. ఎండలో కుక్కలా పరిగెత్తేది తను. నాలుగు దెబ్బలు తను కొట్టి, అవతలివాళ్లను తిప్పలు పెట్టి ఒక తేలిక బంతి రప్పిస్తే, నెట్ దగ్గర తీరిగ్గా నిలబడిన సెంపాయ్ చెయ్యెత్తి దాన్ని నేలకేసి కొట్టేది. చప్పట్లన్నీ అక్కడే. వంటంతా తనది, వడ్డించి మెప్పు పొందేది ఆవిడ. మంచి ఆటే, సందేహం లేదు, అయినా ముందు నిలబడ్డవాళ్ల బతుకు సుఖమైన బతుకు అని చిజురు గట్టి నమ్మకం.

ఆ సుఖమైన బతుక్కి ఈ ఏడు గండం వచ్చింది. రిత్సుకోవాళ్లది బేరి తోట. ఆ తీరంలో బేరిచెట్లను పైకి పెరగనివ్వరు, తల మీద పందిరిలా వైర్ల మీద పరుస్తారు. పిందెకో కాగితం సంచి కట్టడం, కాయ కోయడం, కొమ్మ కత్తిరించడం, ఏం చెయ్యాలన్నా చేతులు రెండూ పైకెత్తే ఉండాలి. కోడలిగా వచ్చిన నాటి నుంచి అదే పని. ఈసారి కోతలు ముగిసేసరికి రిత్సుకో కుడి భుజం మొరాయించింది. చెయ్యి చెవి దాటి లేవదు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పే రకం కాదు. ఆటలో పైన వచ్చిన బంతులను మాత్రం "చిజూ, నీదే!" అని వదిలేయడం మొదలెట్టింది. ఒకటి రెండు సార్లయితే ఎత్తు అనుకోవచ్చు. ప్రతిసారీ అదే అయితే గుడ్డివాళ్లకి కూడా తెలిసిపోతుంది.

సంఘం నాయకురాలు హమానోకి తెలిసింది. గొంతు పెద్దది, మనసు మంచిది, నాన్చడం తెలియని మనిషి. చిజురుని పక్కకి పిలిచి, "జిల్లా పోటీకి పేర్లు పంపాలి. నిన్ను యోషికవాతో వేస్తాను. ఆవిడకి యాభయ్యే, చెయ్యి బాగా లేస్తోంది. రిత్సుకో సాన్ ఈసారికి బయట కూచుని టీ, నీళ్లూ చూసుకుంటుంది. సరేనా?" అంది.

"ఆలోచించి చెబుతానండీ," అని చిజురు తప్పించుకుంది. సెంపాయ్ బయట కూచుని అందరికీ టీ పోయడం! ఒకసారి కూచుంటే మళ్లీ లేవదు. తనకి తెలుసు, ఈ ఊళ్లో అలా 'ఈసారికి' కూచున్నవాళ్లందరూ ఇంకా కూచునే ఉన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టక దొర్లుతుంటే ఒక దారి తోచింది. సెంపాయ్ చెయ్యి పైకి లేవకపోతేనేం, కింద నుంచి ఊపడానికి వస్తోందిగా. ఆవిడ వెనక్కి వెళ్తే, తను ముందుకి వస్తే? జంట చెడదు. కానీ ఆ మాట సెంపాయ్‌తో అనడమెలా? 'మీకు ముందు ఆట చేతకావడం లేదు, తప్పుకోండి' అని ఒక చిన్నది పెద్దావిడతో ఎలా అంటుంది? ముందు గుట్టుగా నేర్చేసుకోవాలి. చేతనయ్యాక సమయం చూసి కదపాలి. అందుకే ఈ దొంగ ప్రయాణం.

సమయం తను చూసుకునే దాకా ఆగలేదు. శనివారం ఆటకి వెళ్లినప్పుడు సంచి జిప్పు సగమే వేసి ఉంది. చిజురు బూటు తాళ్లు కట్టుకుంటోంది. రిత్సుకో డబ్బాలో బేరిపండు ముక్కలు పెట్టుకుని, పుల్లలు గుచ్చి, ఎడమచేత్తో అందరికీ పంచుతూ వచ్చింది. సంచి పక్కనే ఆగింది. జిప్పు సందులోంచి రెండు ఎర్రటి కడ్డీలు కనిపిస్తున్నాయి.

పరాయి ఊరివాళ్లకయితే అది ఉత్త రాకెట్. కోర్టు పక్కనున్న ఆడవాళ్లందరికీ మాత్రం తెలుసు. తన ముందుమనిషి బతికుండగా, ఎదురుగా నిలబడి పండు ముక్క అందిస్తుండగా, వెనకమనిషి రెండుకాళ్ల రాకెట్ కొని సంచిలో పెట్టుకు వచ్చింది. ఇంక మాటల్లో చెప్పడానికేముంది? యోషికవా చూపు పక్కకి తిప్పేసుకుంది. హమానో కూడా కాసేపు నోరు మూసుకుంది, అది మామూలు విషయం కాదు.

"మంచి రాకెట్ కొన్నారు, చిజురు సాన్," అంది రిత్సుకో.

చిజురు కడుతున్న బూటు తాడు వదిలేసింది. ఇన్నేళ్లలో ఆవిడ నోటి వెంట తను 'చిజూ' తప్ప ఇంకోటి కాలేదు. 'ఒసే'లు, 'నీ మొహం'లు ఎన్నో పడ్డాయి, అన్నీ తియ్యగానే ఉన్నాయి. 'గారు' అన్నట్టున్న ఈ 'సాన్' మర్యాద చెంపదెబ్బలా తగిలింది.

"సెంపాయ్, అది..."

"పండు తీసుకోండి. తియ్యగా ఉంది ఈసారి."

పుచ్చుకున్న ముక్క చిజురు చేతిలోనే ఉండిపోయింది. రిత్సుకో హమానో దగ్గరికి వెళ్లి ఏదో చెప్పి, డబ్బా మూతపెట్టి, సైకిలెక్కి వెళ్లిపోయింది. ఏం చెప్పిందో హమానో దాచుకోలేకపోయింది. "నిన్ను యోషికవాతోనే వెయ్యమంది. ఎవరి పేరు పక్కన వేసినా తనకి అభ్యంతరం లేదంది. ఏం చేశావే తల్లీ నువ్వు?"

మర్నాడు పొద్దున్నే చిజురు బేరి తోటకి వెళ్లింది. పందిరి కింద వంగి నడవాలి. రిత్సుకో ఎడమచేత్తో, కోతలప్పుడు మిగిలిపోయిన ఖాళీ సంచులు తెంపుతోంది. చూసి కూడా చూడనట్టు పని చేసుకుపోయింది.

"సెంపాయ్, నన్ను తిట్టండి."

"తిట్టడానికి మీరెవరు, నేనెవరు?"

"అలా 'మీరు' అనొద్దు. కావాలంటే ఆ కత్తెరతో పొడవండి."

రిత్సుకో కత్తెర చూసుకుంది. నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. "నా చోటు కావాలంటే నోరు విప్పి అడగొచ్చుగా. దొంగలాగా రాకెట్ కొనుక్కొచ్చి, జిప్పులోంచి చూపించడం దేనికి?"

"చూపించలేదండీ, కనబడిపోయింది. నాకు మీ చోటు అక్కర్లేదు. యోషికవా సాన్ అక్కర్లేదు. మీరు బయట కూచుని టీ పోస్తుంటే నేను బంతెలా కొడతాను? నాకు మీరు లేకుండా ఆడటమే రాదు. నేను ముందుకి వస్తే మీరు వెనక నుంచి..." ఏడుపొచ్చింది. పందిరి కింద వంగుని ఏడవడం అంత సులువు కాదు, నడుము పట్టేస్తుంది.

రిత్సుకో ఇంకో ఖాళీ సంచి తెంపి కింద పడేసింది. తర్వాత, "ముందు నిలబడతావా నువ్వు? ముందు ఏముంటుందో తెలుసా నీకు?" అంది.

"పైకి వచ్చిన బంతి కొట్టడం."

"కొట్టడమట!" రిత్సుకో పెద్దగా నవ్వింది. మంచి నవ్వు కాదు. "ఇన్నేళ్లు నా వీపు చూస్తూ ఆడి, నీకు తెలిసింది అదా? మధ్యాహ్నం కోర్టుకి రా. ఆ కొత్తది తెస్తే విరగ్గొడతా. నీ పాత ఒంటికాలిది పట్టుకురా."

ఒంటికాలిది తెమ్మందంటే, తన చోట్లో తనని నిలబెట్టి చివరిసారిగా ఓ ఆట ఆడి సెలవు పుచ్చుకుంటుందేమో అనుకుంది చిజురు. కాళ్లీడ్చుకుంటూ వెళ్లింది. అప్పటికే నెట్‌కి అవతల హమానో, యోషికవా నిలబడి ఉన్నారు. సముద్రం వైపు నుంచి గాలి మెల్లగా వీస్తోంది. రిత్సుకో వచ్చి చిజురు చేతిలోని రాకెట్ లాక్కుంది. పిడి రెండుసార్లు తిప్పి చూసుకుని, "వెళ్లు. నెట్ దగ్గర నిలబడు," అంది.

"దేనితో?"

"ఉత్త చేతులతో. బంతి తాకావంటే ఊరుకోను. పారిపోవద్దు, మొహం తిప్పుకోవద్దు. నేను చెప్పిన చోట నిలబడు."

"ఇదేం ఆట, రిత్సుకో సాన్?" అని అరిచింది హమానో. "బంతి ఆవిడ ముక్కుకి తగిలితే?"

"మెత్తటి బంతేగా. ముక్కు ఎలాగూ చప్పిడిదే, నష్టమేం లేదు. నువ్వు మామూలుగా ఆడు."

చిజురు వెళ్లి నెట్ దగ్గర నిలబడింది. ఇన్నేళ్ల ఆటలో ఇక్కడ నుంచి ఆమె ఎప్పుడూ చూడలేదు. చివరి గీత మీంచి చూస్తే కోర్టంతా అరచేతిలో ఉన్నట్టుంటుంది, బంతి తీరిగ్గా నడిచి వస్తుంది. ఇక్కడ బంతి కనిపించేదాకా లేదు, కనిపించాక చెవి పక్కనుంచి బుస్సుమని వెళ్లిపోయింది. చిజురు కళ్లు గట్టిగా మూసుకుంది.

"కళ్లు తెరువే!" వెనక నుంచి కేక. ఆ 'ఏ' వినగానే చిజురుకి సగం ప్రాణం తిరిగి వచ్చింది.

కళ్లు తెరిచింది. బంతి మళ్లీ వచ్చింది. మెడ పక్క నుంచి వెళ్తే గాలి తగిలింది. ఒకటి భుజానికి తగిలి చురుక్కుమంది. వెనక్కి తిరిగి చూడాలనిపించింది, సెంపాయ్ ఎక్కడుందో, బంతి అందుకుందో లేదో. తిరగడానికి వీల్లేదు. వెనక రబ్బరు మీద తీగల చప్పుడు, సెంపాయ్ ఎగశ్వాస, అంతే. ఆవిడ వెనక ఆట గొప్పగా లేదు. ఒకటి నెట్‌కి కొట్టింది, ఇంకోటి గీత బయట పడేసి తిట్టుకుంది. కానీ చెయ్యి భుజం దాటి లేవాల్సిన పని పడలేదు. సర్వీస్ వంతు వచ్చినప్పుడు నడుము వంచి, మోకాలి దగ్గర నుంచి రాకెట్‌ని కోసినట్టు తిప్పింది. బంతి నెట్ దాటి, నేల మీద పడి, పైకి లేవడమే మర్చిపోయింది. యోషికవా ముందుకి తూలి పడబోయింది.

"ఇప్పుడు చూడు," అంది రిత్సుకో. "ఒక అడుగు మధ్యకి జరుగు."

చిజురు జరిగింది. హమానో కొట్టిన బంతి పక్క గీత వెంబడి దూసుకుపోయింది. సెంపాయ్ అప్పటికే అక్కడికి చేరినట్టుంది, తీగల చప్పుడు నింపాదిగా వినిపించింది.

"గీత వైపుకి వచ్చేయ్."

చిజురు వచ్చింది. ఈసారి బంతి అడ్డంగా, కోర్టుకి ఆ మూలకి వెళ్లింది. మళ్లీ నింపాదిగా చప్పుడు.

"మధ్యకి. ఊరికే, వెళ్తున్నట్టు కదిలి ఆగిపో."

కదిలి ఆగింది. హమానో చెయ్యి సగం ఊపులో తడబడింది. బంతి పిల్లలు విసిరినట్టు మెల్లగా, సెంపాయ్ నిలబడ్డ చోటికే వెళ్లి పడింది.

చిజురు ఈసారి బంతిని చూడడం మానేసి హమానో మొహం చూసింది. అప్పుడు కనిపించింది. దెబ్బ కొట్టే ముందు, ప్రతిసారీ, హమానో కళ్లు బంతిని వదిలి ఒక్క రెప్పపాటు తన మీద వాలుతున్నాయి. యోషికవా కళ్లూ అంతే. తన చేతిలో ఏమీ లేదు. అందరికీ తెలుసు, ఏమీ లేదని. అయినా ఆ ఇద్దరూ తనను దాటించడానికే చూస్తున్నారు. తను ఒక అడుగు కదిలితే అవతల బంతి దారి మారిపోతోంది.

"ఇదేం మాయ రోగమో!" అని హమానో కోర్టు మధ్యలో నిలబడి అరిచింది. "ఆవిడ ఉత్త చేతులతో ఉంది. అటే కొడదామనుకుంటాను, నా చెయ్యి పోనంటుంది!"

చిజురుకి ఒళ్లంతా గగుర్పొడిచింది. తన కుడిచేతికి వీలుగా, నడుము ఎత్తున, ఏరి పెట్టినట్టు వచ్చే బంతులు ఆమెకి గుర్తొచ్చాయి. ఒకటా రెండా, బడి రోజుల నుంచి నిన్నటి దాకా. తన అదృష్టం అనుకుంది. తన కాళ్ల చలవ అనుకుంది. అవతలివాళ్లు తెలివితక్కువగా తనకి ఇష్టమైన చోటికే కొడతారేమిటని లోపల నవ్వుకున్న రోజులు కూడా ఉన్నాయి. బంతి కోసం తను పరిగెత్తిన దూరమే తనకి తెలుసు. పరిగెత్తకుండా తప్పిన దూరం ఎంతో ఎప్పుడూ తెలియలేదు. నెట్ దగ్గర తీరిగ్గా నిలబడినట్టు కనిపించిన ఆ వీపు, మొహం మీదికి వచ్చే ప్రతి బంతికీ ఎదురు నిలబడి, ఒక్కో అడుగూ జరుగుతూ, మాట కూడా అనకుండా ఆటంతా నడిపింది. చప్పట్లు కొట్టిన జనం చూసింది అందులో నూరో వంతు కూడా కాదు. ఇంత పెద్ద పని కళ్లెదుటే జరుగుతుంటే, అందరికంటే దగ్గరగా నిలబడిన తను అసలు చూడనే లేదు. కొండంత మనిషి ముందు నిలబడినట్టయింది చిజురుకి. అక్కడే కోర్టు ఇసుకలో చతికిలబడింది.

రిత్సుకో ఆయాసపడుతూ వచ్చింది. "ఏమైందే? ముక్కుకి తగిలిందా?"

"సెంపాయ్, ఇది... ఇన్నేళ్లూ మీరు ఇదంతా..." చిజురు ఇసుకలోంచి తలెత్తింది. "నాకు ఎందుకు చెప్పలేదండీ?"

రిత్సుకో రాకెట్ మీద ఆనుకుని ఊపిరి తీసుకుంది. "చెబితే నువ్వు నన్ను చూస్తూ కూచునేదానివి," అంది. "నువ్వు బంతిని చూడాలి."

అంతే అంది. గొప్ప చెప్పుకున్నట్టు లేదు, సర్దిచెప్పినట్టూ లేదు. సెప్టెంబరు ఎండలో చెమటతో ఎర్రగా ఉన్న ఆ ముసలి మొహం కేసి చిజురు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. తలవంచి నమస్కారం పెట్టాలన్న సంగతి కూడా తోచలేదు.

హమానో మాత్రం పని మరిచిపోలేదు. "రేపటికల్లా పేర్లు పంపాలి. ఎవరి పక్కన ఎవర్ని రాయమంటారు?"

"చూద్దాం," అంది రిత్సుకో. చిజురు వైపు తిరిగి, "నువ్వు ముందు పనికొస్తావు. భయపడ్డావు గానీ పారిపోలేదు. ఇంక నీ వెనక ఎవర్ని పెట్టినా ఫరవాలేదు," అంది. "లే. ఆ రాకెట్ మార్చాలి. గోడకి కొట్టి ఏరుకుని ఉంటావు, నీ మొహం చూస్తేనే తెలుస్తోంది."

ఎవర్ని పెట్టినా! దుకాణం దాకా సైకిలు తొక్కుతూ చిజురు ఆ మాటనే నమిలింది. నేర్పింది ఇందుకా? కన్నకూతురిని చక్కగా ముస్తాబు చేసి ఇంకొకరి ఇంటికి పంపినట్టు, తనకి ముందు ఆట నేర్పి, మంచి రాకెట్ చేతికిచ్చి, వేరేవాళ్లకి అప్పగిస్తుందా? ముందు వెళ్తున్న సెంపాయ్ కుడిచెయ్యి ఒడిలో పెట్టుకుని ఒంటిచేత్తో తొక్కుతోంది. అడగాలంటే భయం వేసింది. ఏ జవాబు వస్తుందోనని.

ఇద్దర్నీ కలిపి చూడగానే ఒకుదా మొహం విప్పారింది. "ఓహో, మేనకోడలు వాళ్ల మేనత్తని తీసుకొచ్చిందే!"

"నోరు మూసుకుని దూదిపింజలాంటివి పట్రండి," అంది రిత్సుకో. "తల తేలిగ్గా ఉన్నవి. చేతిలో ఉన్నట్టే ఉండకూడదు."

పెరట్లో ఈసారి గోడ జోలికి పోలేదు. చిజురుని గోడకి ఆనించి నిలబెట్టింది, తను నాలుగడుగుల దూరంలో బంతుల బుట్ట పెట్టుకుని నిలబడింది. ఎడమచేత్తో ఒకదాని వెనక ఒకటి విసరడం మొదలెట్టింది. మొహానికి, మోకాలికి, ఎడమ భుజానికి, మళ్లీ మొహానికి. ఆలోచించడానికి సందు లేదు. ఒక రాకెట్ ఆలస్యంగా లేచింది, బంతి గడ్డానికి తగిలింది. ఇంకోటి లేచింది గానీ చేతిలో తిరిగిపోయింది. అది పక్కన పెట్టించింది. మొన్న 'చేతిలో ఉన్నట్టే లేదు' అని చిజురు వద్దన్నదే మిగిలింది. అది పట్టుకున్నాక బంతి ఎటు వస్తోందో తెలిసేలోపే చెయ్యి అటు వెళ్లిపోయి ఉంటోంది. టప్పు టప్పుమని బంతులు సెంపాయ్ కాళ్ల దగ్గరే వరసగా పడ్డాయి.

"ఇదే," అంది రిత్సుకో.

"దీనికి దెబ్బ లేదు కదా, సెంపాయ్. బంతి ఎక్కడికీ పోవడం లేదు."

"నీకెందుకే దెబ్బ? నువ్వు అడ్డం నిలబడు చాలు. కొట్టేవాళ్లు కొడతారు."

కొట్టేవాళ్లు. చిజురు రాకెట్ దించింది. ఇక అడగకపోతే తల పగిలిపోతుందనిపించింది. "ఎవరండీ? ఎవరు కొడతారు నా వెనక?"

రిత్సుకో ఖాళీ అయిన బుట్ట పక్కకి నెట్టి, లాగేస్తున్న కుడి భుజాన్ని ఎడమచేత్తో ఒత్తుకుంటూ, దుకాణం తలుపు కేసి తిరిగింది.

"ఒకుదా సాన్, వినబడుతోందా? ఒంటికాలివి రెండు దించండి. బాగా వంగేవి చూడండి, ఈ భుజానికి బలం చాలదు."

"ఒంటికాలివా? ఎవరికి?" అన్నాడు ఒకుదా లోపల నుంచి, చెయ్యి చెవికి ఆనించుకుని.

"నాకు!" అని అరిచింది రిత్సుకో, వీధి వీధంతా వినబడేటట్టు. "అరవై మూడేళ్లొచ్చాక కొత్తగా పరిగెత్తడం నేర్చుకుంటున్నాను, ఈ మహాతల్లి వెనకాల!"

చిజురు రెండు చేతులతో ఆ తేలికపాటి రాకెట్‌ని గుండెకి హత్తుకుని, నడుము విరిగేటంత కిందికి వంగి నమస్కారం పెట్టింది. వంగినది మళ్లీ లేవలేకపోయింది. కన్నీళ్లు ముక్కు చివర నుంచి పెరటి నేల మీద పడుతున్నాయి.

"ఇంక చాల్లే, లే," అంది సెంపాయ్. "హమానోకి ఫోన్ చెయ్యి. పేర్లు మార్చక్కర్లేదు, పాత జంటే అని చెప్పు."